లినక్స్‌లో భాష నేర్చుకోవడానికి ఏది మేలు: బ్రౌజరా, వైనా, అంకీనా?

"లినక్స్‌కి మారిపోయాను. ఇప్పుడు జర్మన్ దేంట్లో నేర్చుకోవాలి?" ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఒకరికి జర్మన్, ఇంకొకరికి జపనీస్, ప్రశ్న మాత్రం అదే. ఏమీ దొరకదేమో అన్న భయం అక్కర్లేదు. దారులు మూడున్నాయి: బ్రౌజర్‌లో నడిచే కోర్సులు, వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే సాధనం) మీద నడిపించే పాత విండోస్ ప్రోగ్రాములు, లినక్స్‌లో నేరుగా నడిచే అంకీ లాంటివి.

బ్రౌజర్ దారికి డుయోలింగోనే ఉదాహరణగా తీసుకుందాం. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) అయినా ఒకటే. అక్షరం ముక్క రాని భాషలో మొదటి అడుగు వెయ్యడానికి ఇంత సులువైన చోటు ఇంకోటి లేదు. నెట్ లేకపోతే మాత్రం పాఠం లేదు. మైక్‌లో పలికే అభ్యాసాల దగ్గర చాలామంది ఆగిపోతారు. ఎక్కువ డిస్ట్రోలతో వచ్చేది ఫైర్‌ఫాక్స్. మాటను గుర్తుపట్టే సౌకర్యం అందులో మామూలుగా ఉండదు. అందుకని పలికే అభ్యాసాలు పనిచెయ్యకపోతే మైక్ పాడైందని టెన్షన్ పడి, లినక్స్‌లో శబ్దం సంగతి చూసే పైప్‌వైర్ సెట్టింగులు తవ్వుతూ కూర్చోకండి, ముందు క్రోమ్‌లో తెరిచి చూడండి. క్రోమ్ ఆ పనిని గూగుల్ సర్వర్లకు పంపి చేయిస్తుంది కాబట్టి, డిస్ట్రో ఇచ్చే క్రోమియంలో (క్రోమ్‌కు మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్) అది నడవకపోవచ్చు.

వైన్ 1993 నుంచీ ఉన్న ప్రాజెక్టు, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ భాషా కోర్సులకు దాన్ని నమ్ముకోవద్దనే చెబుతాను. సీడీల మీద కొనుక్కున్న ఒక కోర్సును నేను వైన్‌లో ఎక్కించాను. బొమ్మలు వచ్చాయి, పాఠం వినిపించింది, నేను పలికింది మాత్రం రికార్డ్ కాలేదు. అయినా సర్దుకుని నెలల తరబడి చేశాను. తర్వాత సిస్టమ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ ప్రోగ్రామ్ యాక్టివేషన్ అడిగింది. ఆ సర్వర్ ఎప్పుడో మూసేశారు. నేను ఎక్కడిదాకా వచ్చానో, ఏ మాటలు తప్పుతున్నానో, ఆ లెక్కంతా పోయింది.

ఏది మేలని అడిగితే అప్పటినుంచీ నేను మొదట చూసేది ఒక్కటే. చేసిన చదువు ఎవరి దగ్గర ఉంటోంది? భాష నెలలో వచ్చేది కాదు, ఏళ్ళు పడుతుంది. ఈలోగా లినక్స్ వాడేవాళ్ళం డిస్ట్రో మారుస్తాం, డిస్క్ మారుస్తాం, ఒక్కోసారి మన చేత్తోనే అంతా చెరిపేసుకుంటాం. వెబ్‌సైట్‌లో లెక్క భద్రంగానే ఉంటుంది, కానీ వాళ్ళు కోర్సు తిరగరాస్తే మనం చేసిన దారి కూడా మారిపోతుంది.

అంకీలో ఆ బాధ లేదు. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉన్న కార్డులను మరిచిపోయేలోగా మళ్ళీ మళ్ళీ చూపించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది, 2006లో మొదలైంది. జపనీస్‌లో ఆ పేరుకు బట్టీ పట్టడమని అర్థం. నా కార్డులూ, ఒక్కో కార్డుకు నేనిచ్చిన ప్రతి జవాబూ హోమ్ ఫోల్డర్‌లో ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్ ఫైలు ఒకదానిలో ఉంటాయి. కాపీ చేసుకుంటే బ్యాకప్ అయినట్టే. ఆ ఫైలును వేరే టూల్‌తో కూడా తెరవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అంకీడ్రాయిడ్ అనే యాప్ పెట్టుకుని ఉచితంగా సింక్ చేసుకోవచ్చు.

నా కార్డు ఒకటి చూపిస్తాను. ముందువైపు "అమ్మాయి" అని ఉంటుంది. స్పేస్ నొక్కితే "దాస్ మేడ్‌షెన్" అని వస్తుంది, ఆడియో వినిపిస్తుంది. జర్మన్‌లో అమ్మాయి నపుంసకలింగం, చివరన "షెన్" చేరిన మాటలన్నీ అంతే. "అది వచ్చింది" అని ఆడపిల్లనూ ఆవునూ ఒకే మాటతో చెప్పే తెలుగువాళ్ళకు ఇది వింతగా అనిపించదు. కింద నాలుగు బటన్లు ఉంటాయి, ప్రతిదాని మీదా ఆ కార్డు మళ్ళీ ఎప్పుడొస్తుందో రాసి ఉంటుంది. కొత్త కార్డైతే ఒకదాని మీద పది నిమిషాలు, తేలిక అన్నదాని మీద నాలుగు రోజులు. షిఫ్ట్‌తో వి నొక్కితే నా గొంతు రికార్డ్ చేసి అసలు ఉచ్చారణతో పోల్చుకోవచ్చు. వైన్‌లో నాకు దక్కనిది అదే.

లోటు లేకపోలేదు. అంకీ వ్యాకరణం చెప్పదు, కార్డులు మనమే రాసుకోవాలి, లేదా ఎవరో పంచుకున్న డెక్ (కార్డుల కట్ట) తెచ్చుకోవాలి. ఓపికున్నవాళ్ళు టాటోయెబా అనే ఉదాహరణ వాక్యాల వెబ్‌సైట్‌లోంచి వాక్యాలు ఏరుకుంటారు. అందుకే మొదటి రెండు మూడు నెలలు అంకీకి తోడుగా బ్రౌజర్ కోర్సు కూడా చెయ్యమంటాను. అక్కడ తప్పిన ప్రతి మాటా అదేరోజు అంకీలో కార్డు అవ్వాలి.

మిగతావాటిలో కేడీఈ వాళ్ళ పార్లే పదాల జాబితాలకు బాగుంటుంది. నెమోసిన్ అంకీ లాంటిదే, ఇంకా సాదాగా ఉంటుంది. ఫోన్ యాప్ తప్పనిసరైతే, ఆండ్రాయిడ్ యాప్‌లను లినక్స్‌లో నడిపించే వేడ్రాయిడ్ ఉంది, దానికి వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే పద్ధతుల్లో ఒకటి) సెషన్ కావాలి.

అంకీని డిస్ట్రో రిపోజిటరీ (డిస్ట్రో వాళ్ళ ప్రోగ్రాముల గిడ్డంగి) నుంచి కాకుండా దాని సొంత సైట్ నుంచే దించుకోండి. రిపోజిటరీల్లో తరచు పాత వెర్షన్ ఉంటుంది. 2023లో 23.10తో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే, కార్డు మళ్ళీ ఎప్పుడు చూపించాలో తేల్చే కొత్త లెక్కింపు పద్ధతి అందులో ఉండకపోవచ్చు. పెట్టుకోగానే రోజుకు ఇరవై కొత్త కార్డులని ఉంటుంది. దాన్ని పదికి తగ్గించండి. ఇరవై అలాగే ఉంచితే కొన్నాళ్ళకు రోజూ దాదాపు 200 పాత కార్డులు ఎదురుగా నిలబడతాయి.