బెత్తెడా, మూరెడా? గ్రో లైట్ పైన కట్టాలా, పక్కన పెట్టాలా?

కిందటేడు మార్చిలో అమ్మకి వీడియో కాల్‌లో మిరపనారు చూపించాను. కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇదేందమ్మా, ఇట్టా సాగింది? ఎండే తగల్లేదా దీనికి?" అంది. ఎండ లేదుగానీ, ఎండకి బదులు మొక్కల మీద వెలిగించే నలభై డాలర్ల గ్రో లైటుందని చెప్పడానికి నోరు రాలేదు. ఆ లైటు ట్రే మీద మూడడుగుల ఎత్తున, సీలింగ్ హుక్కుకి వేలాడుతోంది. గది మొత్తం వెలిగిపోతోంది, నారు మాత్రం దారప్పోగుల్లా పొడుగ్గా లేచి ఒకదాని మీద ఒకటి పడిపోతోంది.

మేముండేది షికాగో దగ్గర అరోరాలో. ఇక్కడ డిసెంబరు చివర్లో పగలు 9 గంటలు దాటితే గొప్ప. ఒంగోల్లో ఆ రోజుల్లో కూడా 11 గంటలుంటుంది. అందుకే ఈ చుట్టుపక్కల తులసికో, కరివేపాకుకో, మిరపకో లైటు పెట్టని తెలుగిల్లు తక్కువ. అందరూ "ఏ లైటు కొన్నావు?" అనే అడుగుతారు. దాన్ని ఎక్కడ పెట్టావని అడిగేవాళ్లు లేరు. రెండు చలికాలాలు చూశాక నాకైతే రెండో ప్రశ్నే ముఖ్యమనిపిస్తోంది.

ముందు ఎత్తు సంగతి. వెలుతురు చాలకపోతే మొలక తన మీద ఏదో కప్పు ఉందనుకుంటుంది. ఆకులు వేయడం మానేసి, ఉన్న బలమంతా కాడ సాగదీయడానికే పెడుతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది. ఒకసారి సాగిన కాడ మళ్లీ పొట్టిది కాదు. టమాటా అయితే కాడని లోతుగా పాతితే దాని మీదే వేళ్లొస్తాయి, మిరప అంత సులువుగా వేళ్లు వేయదు. నేను ఆ ట్రే పారేసి మళ్లీ నారు పోశాను.

రెండోసారి ఇనుప ర్యాక్‌కి ఎల్‌ఈడీ ట్యూబు గొలుసుతో కట్టి, మొలకలకి బెత్తెడు పైన నిలిపాను. అదే గింజ, అదే మట్టి. మొక్కలు పొట్టిగా, పెన్సిలు ముక్కల్లా గట్టిగా వచ్చాయి. రెండు మూడు రోజులకోసారి గొలుసు ఒక లింకు పైకి జరపడమే పని.

దూరం ఇంత తేడా ఎందుకు చేస్తుందంటే, విడి బల్బుని అడుగు దూరం నుంచి రెండడుగులకి జరిపితే ఆకు మీద పడే వెలుతురు సగం కాదు, దాదాపు పావు వంతుకి పడిపోతుంది. పొడవాటి ట్యూబు దగ్గరగా ఉన్నప్పుడు అంత ఘోరంగా తగ్గదు, దూరం రెట్టింపైతే సుమారు సగమవుతుంది. మన కంటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, మోసమంతా అక్కడే.

అలాగని అన్ని లైట్లనీ బెత్తెడుకి దించితే ఇంకో తంటా. మా పక్కింటావిడ పలకలాంటి పెద్ద ఎల్‌ఈడీ ప్యానెల్‌ని నారు మీదకి దించేసింది. నాలుగు రోజుల్లో పై ఆకులు తెల్లబడి, అంచులు దోనెల్లా పైకి మడుచుకున్నాయి. "చెయ్యి పెట్టి చూశానండీ, వేడే లేదు!" అంటుంది పాపం. ఆ చెయ్యి పరీక్ష పాతకాలపు బల్బులకి. ఎల్‌ఈడీ చేతికి చల్లగా ఉంటూనే ఆకుని పాడుచేయగలదు. పెద్ద ప్యానెల్‌కి అడుగు నుంచి మూరెడు, సన్నటి ట్యూబుకి బెత్తెడు: నేనైతే అక్కడ మొదలుపెట్టి, ఆకుని చూసుకుంటూ జరుపుతాను. ఇంకో మాట, లైటు సరిగ్గానే ఉన్నా నారు ఒత్తుగా ఉంటే సాగుతుంది. పక్క మొక్క ఆకుల మీద నుంచి వచ్చే వెలుగుని బట్టే పోటీ ఉందని దానికి తెలిసిపోతుంది.

ఇక పైనా, పక్కనా? నారుకైతే పైనే, ఆలోచించక్కర్లేదు. లేత కాడకి ఒక పక్కనుంచే వెలుతురు తగిలితే ఆక్సిన్ అనే హార్మోను చీకటి వైపు పోగై, ఆ వైపు ఎక్కువ సాగి, మొక్క లైటు వైపు ఒరుగుతుంది. గడ్డి జాతి మొలకల్లో ఈ వెలుతురుని ముఖ్యంగా పసిగట్టేది కొస. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ ప్రకటించిన ప్రయోగాల్లో, గడ్డి మొలక కొసకి వెలుతురు చొరని టోపీ పెడితే అది వంగలేదు.

కానీ ముదిరిన కాడ అలా వంగదు. కరివేపాకు దగ్గర నాకు పనికొచ్చింది ఇదే. అక్టోబరులో లోపలికి తెచ్చిన నాలుగడుగుల చెట్టు అది. మొదటేడు పైన లైటు కట్టాను. పై ఆకులు వెలుతురంతా తాగేశాయి, కిందివి పండి రాలిపోయాయి. జనవరికి కొబ్బరిచెట్టులా తలమీద నాలుగు రెబ్బలు మిగిలాయి. చలికి కూడా కొంత రాలుతుంది, నేరమంతా లైటుది కాదు. రెండో ఏడు తల తుంచి, ట్యూబుని నిలువుగా గోడకి ఆనించి, కాడకి జానెడు దూరంలో పెట్టాను. నెలన్నరకి మోకాలెత్తున ఉన్న కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్లొచ్చాయి. తల తుంచకుండా లైటొక్కటే మారిస్తే ఇన్ని వచ్చేవి కావనుకుంటాను.

తులసి దక్షిణం కిటికీ దగ్గరుంటుంది కాబట్టి పగలు దానికి లైటే అక్కర్లేదు. సాయంత్రం కోసం పెట్టే బల్బుని చాలామంది కిటికీ వైపే బిగిస్తారు, అప్పుడది అటే వాలిపోతుంది. గది వైపు పెడితే రెండు పక్కలా లాగుడు సరిపోయి నిటారుగా ఉంటుంది. లేదంటే రెండు రోజులకోసారి కుండీ పావు తిప్పు తిప్పాలి, నాకది గుర్తుండదు.

కరెంటు గురించి మా ఆయన సణుగుతుంటారు. 40 వాట్ల ట్యూబు రోజుకి 14 గంటలు వెలిగితే నెలకి 17 యూనిట్లు కూడా కాదు.

ఒక్కటే కొనాలంటే ప్యానెల్ జోలికి పోకుండా గొలుసుతో వేలాడే ట్యూబే కొంటాను. మా ఇంట్లో అది అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కరివేపాకు పక్కన నిలబడుతుంది. మార్చి రాగానే కరివేపాకు కిటికీ దగ్గరికి వెళ్లిపోతుంది, ట్యూబు ర్యాక్ ఎక్కి మిరపనారు మీద అడ్డంగా పడుకుంటుంది.