శ్రీకాళహస్తి కలంకారీ సంచులు: కొనేముందు గుడ్డ తిరగేసి చూడండి

తిరుపతిలో కలంకారీ సంచి కావాలని ఎక్కడ అడిగినా నాకు ఎక్కువగా స్క్రీన్ ప్రింట్‌వే చూపించారు. కొండకొచ్చేవాళ్ళు హడావిడిగా కొనుక్కుని బస్సెక్కేస్తారు కాబట్టి ఆరా తీసేవాళ్ళు తక్కువ. అందుకే శ్రీకాళహస్తిలో ఇంటి దగ్గరే బొమ్మలు వేసి, సంచులు కుట్టి అమ్మే ఒక అక్క దగ్గర కొన్నవాటి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను, పక్క ఊళ్ళోనే ఉన్న మనకైనా తేడా తెలియాలి కదా.

ఆవిడ దగ్గర రెండు రకాలు. కృష్ణా జిల్లా పెడన నుంచి తెప్పించిన అచ్చు గుడ్డతో (చెక్క అచ్చులతో రంగు అద్దింది) కుట్టింది 350 రూపాయలు, కలంతో ఆవిడే వేసింది 1,100. నేను అడక్కముందే "ఇది మన ఊరి పని కాదమ్మా, పెడన అచ్చు" అని చెప్పేసింది. అక్కడే నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే అచ్చు గుడ్డనే కలం పని అని చెప్పి మూడింతల ధరకి అంటగట్టిన షాపు కూడా చూశాను.

సంచికి 1,100 ఎక్కువే అనిపిస్తుంది, కానీ దాని వెనక పని చూడండి. ముందు గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి అందులో నానబెట్టి ఆరేస్తారు, లేకపోతే రంగు పాకిపోతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం, ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ రంగు వదులుతూ గీస్తారు. ఎరుపు కావాలంటే పటిక నీళ్ళు పూసి, రంగునిచ్చే మొక్కల వేర్లూ చెక్కలూ వేసి గుడ్డని మరిగించాలి. మధ్యమధ్యలో పారే నీళ్ళలో జాడించాలి, ఈ పనికి స్వర్ణముఖి నది అంత ముఖ్యం అయింది అందుకే.

నా సంచి మీద నెమలి ఉంది. దగ్గర పెట్టుకుని చూస్తే ఏ రెండు ఈకలూ ఒకేలా లేవు, మెడ దగ్గర నల్లగీత సన్నబడి సన్నబడి ఒక్కసారిగా మళ్ళీ లావయింది, కలం మళ్ళీ రంగులో ముంచింది అక్కడే. అచ్చులో ఐతే అదే పువ్వు అదే కొలతతో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇక స్క్రీన్ ప్రింట్ పట్టుకోవడం ఇంకా తేలిక: గుడ్డ తిరగేస్తే వెనక తెల్లగా పాలిపోయి ఉంటుంది, ముందువైపు వేలితో తడిమితే రంగు పొరలా తగులుతుంది. లైనింగ్ వేసిన సంచిలో ఇది కనపడదు, కాబట్టి కుట్టకముందే గుడ్డ చూపించమని అడగండి, ఈ అక్క ఏమీ అనుకోకుండా చూపిస్తుంది.

కుట్టు గట్టిగా ఉంది, కూరగాయలతో నిండా నింపినా పట్టీల దగ్గర ఒక్క పోగు కదల్లేదు. జిప్ మాత్రం నాసిరకం, నాలుగు రోజులకే ఇరుక్కుపోయింది. చెబితే డబ్బులు తీసుకోకుండా మార్చింది గానీ ఇంత కష్టపడి బొమ్మ వేసినప్పుడు మొదటే మంచి జిప్ వేయాలి. లోపల ఫోన్‌కి జేబు కూడా లేదు.

ఉతకడానికి కుంకుడు రసం చాలు, నీడలో ఆరేయండి. మొదటిసారి నీళ్ళు కాస్త పసుపు దిగాయి, బొమ్మ వెలవలేదు. లడ్డూ నెయ్యి మరక ఎంత ఉతికినా పూర్తిగా పోలేదు, ప్రసాదాలకి అచ్చు సంచే వాడుకోండి.

మా వదిన గృహప్రవేశానికి చిన్న తాంబూలం సంచులు కూడా ఆవిడ దగ్గరే కుట్టించాం, అచ్చు గుడ్డతో, ఒక్కోటి 90 పడింది. ముందు ఒక సంచి కుట్టి చూపించి, మనం సరే అన్నాకే మిగతావి మొదలుపెట్టింది. కలం పనికి మాత్రం ఎండ కావాలి, అక్టోబరు నుంచి మన వైపు వానలు పడితే గుడ్డ ఆరదు. కార్తీకంలో పెళ్ళి ఉంటే శ్రావణంలోనే చెప్పి పెట్టుకోండి.