ఉక్కు ప్లేనింగ్ ఫారం: నెల్లూరు ఉక్కపోతలో ఏళ్ల వాడకం తర్వాత

ఆరు వెదురు బద్దల్ని ఒక్కోదాన్నీ 60 డిగ్రీల ముక్కోణంగా చిత్రిక పట్టి, ఆరింటినీ కలిపి అతికిస్తే ఫ్లై రాడ్‌లో (చేపలు పట్టే ఒక రకం గాలపు కర్ర) ఒక ముక్క తయారవుతుంది. చిత్రిక పట్టేటప్పుడు బద్ద కూర్చునే గాడి ఈ ఫారంలోనే ఉంటుంది. నేను వాడేది ఐదడుగుల పొడవు, ముప్పావు అంగుళం మందం ఉన్న రెండు ఉక్కు బార్లది, గాడి ఆ రెండింటి మధ్య ఉంటుంది. తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. ప్రతి ఐదంగుళాలకీ ఒక జత బోల్టులుంటాయి. ఒకటి బార్లను దగ్గరికి లాగుతుంది, ఇంకోటి ఎడంగా తోస్తుంది. కొలత విషయంలో దీనికి వంక పెట్టలేం. తేమ సంగతి మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే, మన తీరంలో రాడ్లు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

బోల్టు ఎన్ని చుట్లు తిప్పామో లెక్కపెట్టి అమరిస్తే కుదరదు. బార్ల ఎడం 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెరిగితే బద్ద ఎత్తు పెరిగేది 8.66 థౌ మాత్రమే. పైగా ఒక బోల్టు కదిపితే పక్క రెండు చోట్లా కొలత కదులుతుంది. 60 డిగ్రీల మొన ఉన్న, లోతు కొలిచే డయల్ గేజితో ఈ కొస నుంచి ఆ కొసకి మూడు నాలుగు సార్లు సరిచూడాలి. రాడ్ మందం 0.200 అంగుళం కావాలంటే గాడి లోతు 0.100. ఆ గేజి మొన అరిగిందా, ఉన్న లోతు కంటే తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి బార్లు ఇంకా విప్పితే రాడ్ లావెక్కుతుంది. బద్దలో 2 థౌ తేడా రాడ్‌లో 4 అవుతుంది. బిరుసు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి 0.200 రావాల్సిన చోట 0.204 వస్తే అక్కడ రాడ్ ఎనిమిది శాతం బిరుసెక్కినట్టే.

ఫారం ఎంత మంచిదైనా చిత్రిక ఒరిగితే ముక్కోణం చెడుతుంది. బద్దని మూడు వైపుల నుంచీ కాలిపర్‌తో కొలవాలి, మూడు ఎత్తులూ ఒకటే రావాలి. పెంకు వైపు మాత్రం చిత్రిక తగలనివ్వకూడదు, వెదురు బలమంతా ఆ పెంకు కిందున్న నారలోనే ఉంది. కణుపుల దగ్గర పెళ్లలు లేస్తుంటే తప్పు వెదురుది కాదు, బ్లేడుది. చిన్న చిత్రికల్లో బ్లేడు 20 డిగ్రీల వాలులో కూర్చుంటుంది. దాన్ని మామూలుగా నూరే 25 డిగ్రీలకు బదులు 35కి నూరితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. కణుపుల్ని ముందే వేడిచేసి వైస్‌లో నొక్కి చదును చేసుకోవాలి.

వెదురు విషయానికొస్తే, చైనా గ్వాంగ్‌డాంగ్ వైపు పెరిగే టోంకిన్ వెదురుకి సాటి లేదు. నార తిన్నగా ఉంటుంది, కణుపులు దూరదూరంగా ఉంటాయి. మన నల్లమల గట్టి వెదురు నిచ్చెనకీ పందిరికీ బ్రహ్మాండం. రాడ్‌కి మాత్రం నార మెలికలు తిరుగుతుంది, చీలిక పక్కకు పోతుంది. ఫారం మీద చెయ్యి తిరగడానికి వాడుకోండి, చాలు.

ఇక తేమ. బద్దల్ని 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు అటూ ఇటూగా కాలిస్తే నీరు పోయి నార బిగుస్తుంది. ఇది సరిగా చెయ్యకపోతే కొర్రమీను ఒక్కసారి గట్టిగా లాగినా రాడ్‌లో వంపు నిలిచిపోతుంది. అయితే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో కాల్చిన బద్దల్ని బల్ల మీద వదిలేస్తే మళ్లీ తేమ పీల్చి ఉబ్బుతాయి. నిన్న సరిగ్గా వచ్చిన కొలత ఇవాళ రాదు, తిట్లు మాత్రం ఫారానికి పడతాయి. రెండు కొసలా మూతలున్న పీవీసీ గొట్టంలో సిలికా జెల్ వేసి బద్దల్ని అందులో పెట్టాలి. చివరి చిత్రిక, అతికింపు వీలైనంత వెంటవెంటనే కానివ్వాలి. ఎండాకాలంలో చిక్కు వేరే. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ జిగురు గట్టిపడే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే అతికించే పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. జిగురు ఆరేదాకా బద్దల్ని బిగించి ఉంచే దారం రెండు ఎదురు దిక్కుల్లో చుట్టాలి, ఒకవైపే చుడితే రాడ్ మెలి తిరుగుతుంది.

ఉప్పుగాలికి ఉక్కు ఊరికే తుప్పు పడుతుంది. పని అయ్యాక మెషిన్ ఆయిల్ పలచగా రాయాలి. మళ్లీ వాడేముందు థిన్నర్‌తో శుభ్రంగా తుడవాలి, బద్దకి నూనె అంటితే జిగురు పట్టదు. ఈ తుడుపు పని నాకు విసుగే, చెక్క ఫారానికి ఇది ఉండదు. కానీ చెక్కది మన వాతావరణంలో ఉబ్బుతుంది, గాడి అంచులు త్వరగా అరుగుతాయి.

లేత్ షాపులో చేయించుకునేవాళ్లు గాడి లోతు ఒక కొస నుంచి రెండో కొసకి క్రమంగా పెరిగేలా కోయమని చెప్పాలి. సమానంగా కోస్తే రాడ్‌కి కొసవైపు క్రమంగా కావాల్సిన సన్నదనమంతా బోల్టులతోనే తేవాలి, బార్లు అంతగా వంగవు. సెకండ్ హ్యాండ్ కొంటే బార్లు దగ్గరికి బిగించి స్టీలు స్కేలు నిలువంచున పెట్టి వెలుతురుకి చూడండి. మధ్యలో వెలుగు కనపడితే బేరమాడకుండా వచ్చెయ్యండి.