రీ-యానిమేటర్: 86 నిమిషాలదా, 105 నిమిషాలదా? ఏది మేలు?

అమెరికన్ హారర్ కామెడీ 'రీ-యానిమేటర్' చూడాలనుకునేవాళ్ళు డిస్కు కొనే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ సినిమా మూడు రకాలుగా ఉంది. 1985లో అమెరికా థియేటర్లలో ఆడిన 86 నిమిషాల 'అన్‌రేటెడ్' (ఏ వయసువాళ్ళు చూడొచ్చో చెప్పే ముద్ర లేనిది), వీడియో షాపుల కోసం తయారుచేసిన 'ఆర్-రేటెడ్' (17 ఏళ్ళలోపువాళ్ళు పెద్దలతోనే చూడాలనే ముద్ర పడింది), అన్నీ కలిపి కుట్టిన 105 నిమిషాల 'ఇంటెగ్రల్'. పేరు ఒకటే, నటులు వాళ్ళే, కానీ మూడూ చూసిన అనుభవం ఒకటి కాదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ. హెర్బర్ట్ వెస్ట్ అనే మెడికల్ స్టూడెంట్ పచ్చగా మెరిసే ఒక మందు కనిపెడతాడు. అది ఎక్కిస్తే చచ్చినవాళ్ళు లేస్తారు. లేచినవాళ్ళు మాత్రం మంచి మూడ్‌లో లేవరు. మన తెలుగు హారర్ కామెడీల్లో దెయ్యానికి ఇంటర్వెల్ తర్వాత ఒక కన్నీటి ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది కదా, ఇక్కడ ఆ బాపతు ఏమీ లేదు. అమెరికన్ హారర్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1920ల మొదట్లో రాసిన కథను తీసుకుని, షికాగోలో నాటకాలు వేయించే స్టువర్ట్ గోర్డన్ సుమారు 9 లక్షల డాలర్లతో తీశాడు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర డబ్బు. అందుకే సినిమాలో సగం మార్చురీలోనూ, ఒక ఇంటి నేలమాళిగలోనూ నడుస్తుంది. ఆ పచ్చ మందు కోసం వాడింది కూడా చీకట్లో వెలిగే ప్లాస్టిక్ పుల్లల్లోని ద్రవమే.

ఇక మూడు వెర్షన్లు ఎందుకు వచ్చాయంటే, అమెరికాలో ఆ రేటింగ్ ముద్ర తీసుకోకుండా కూడా సినిమా విడుదల చేయొచ్చు. మన దగ్గర సెన్సార్ సర్టిఫికెట్ లేనిదే థియేటర్‌లో బొమ్మ పడదు కాబట్టి ఇది మనకు కాస్త వింతగా ఉంటుంది. గోర్డన్, నిర్మాత బ్రయన్ యూజ్నా ఏదీ కత్తిరించకుండా అన్‌రేటెడ్‌గానే వదిలారు. చిక్కు వీడియో దగ్గర వచ్చింది. అద్దెకిచ్చే షాపుల్లో కొన్ని రేటింగ్ లేని క్యాసెట్లను పెట్టుకునేవి కావు. వాళ్ళ కోసం రక్తం, పేగులు తగ్గించి ఆర్-రేటెడ్ చేశారు. తగ్గించిన చోట సినిమా మరీ పొట్టిదైపోతుందని, ఎడిటింగ్‌లో పక్కన పడేసిన సీన్లు తెచ్చి నింపారు. ఫలితం ఏమిటంటే కత్తెర పడిన వెర్షన్ అసలు దానికంటే పొడుగైంది! ఇలాంటి విడ్డూరం హోమ్ వీడియో చరిత్రలో తరచుగా కనబడదు.

ఆర్-రేటెడ్‌ని ఇక్కడే పక్కన పెట్టేద్దాం. ఈ సినిమాలో రక్తమే జోకు. రక్తం తీసేశాక మిగిలేది డాక్టర్లు తెల్లకోట్లు వేసుకుని మాట్లాడుకోవడం.

అసలు పోటీ 86కీ, 105కీ మధ్యే. ఇంటెగ్రల్ అంటే అన్‌రేటెడ్‌లోని హింస మొత్తం, దానికి తోడు ఆర్-రేటెడ్‌లోని అదనపు సీన్లు. వీటిలో ముఖ్యమైనది హిప్నాటిజం వ్యవహారం. విలన్ డాక్టర్ హిల్ ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి తన మాటకు లొంగదీసుకుంటాడు. ఇంకో చిన్న సీన్‌లో వెస్ట్ నిద్ర రాకుండా తన మందునే కొద్దిగా తనకే ఎక్కించుకుంటాడు.

ఇంటెగ్రల్ తరఫున చెప్పాల్సింది ఉంది. చివర్లో హిల్ శవాల గుంపును తన ఇష్టం వచ్చినట్టు ఆడిస్తాడు. పొట్టి వెర్షన్‌లో దానికి లేజర్ ఆపరేషన్ ఒక్కటే ఆధారం. హిప్నాటిజం ముందే చూసి ఉంటే ఆ క్లైమాక్స్‌కి పునాది కుదిరినట్టు అనిపిస్తుంది. పైగా హిల్‌గా చేసిన డేవిడ్ గేల్‌ని ఇంకాస్తసేపు చూడటం లాభమే, అతని కళ్ళే సగం నటన.

అయినా నా ఓటు 86కే. కారణం ఒక్క సీన్‌లో చూపిస్తాను. నేలమాళిగలో వెస్ట్ పారతో హిల్ తల తెగ్గొడతాడు. కోపం తీరిన మరుక్షణం అతనిలో శాస్త్రవేత్త నిద్ర లేస్తాడు: ఒట్టి తలకి మందు ఎక్కిస్తే? తలను ట్రేలో నిలబెట్టబోతాడు, అది పక్కకి ఒరిగిపోతుంది. మళ్ళీ నిలబెడతాడు, మళ్ళీ ఒరుగుతుంది. చివరికి ఆఫీసుల్లో బిల్లులు గుచ్చే ఇనుప ఊచ తెచ్చి దానికి గుచ్చుతాడు. ఇంత ఘోరం జరుగుతుంటే వెస్ట్‌గా చేసిన జెఫ్రీ కోంబ్స్ మొహంలో భయం లేదు, పశ్చాత్తాపం లేదు, బల్ల మీద వస్తువు సరిగా నిలబడలేదన్న చిరాకు మాత్రమే ఉంది. నవ్వంతా ఆ చిరాకులోనే ఉంది. ఆ నవ్వు పేలాలంటే అప్పటిదాకా సినిమా ఊపిరి తీసుకోనివ్వకుండా పరిగెత్తి ఉండాలి. 86లో పరిగెడుతుంది. ఇంటెగ్రల్‌లో ఆ పాటికి రెండు మూడు చోట్ల ఆగి వివరణలు ఇచ్చి ఉంటుంది.

ఇంకో మాట. హిల్ ఇతరుల పరిశోధన కొట్టేసే ప్రొఫెసర్, తన పై అధికారి కూతురు మెగన్ మీద కన్నేసిన ముసలాడు. ఇలాంటివాళ్ళు ఏ కాలేజీలోనైనా తగులుతారు, అందుకే వాడంటే ఒళ్ళు మండుతుంది. వాడికి కళ్ళతో లొంగదీసే మహిమ కూడా అంటగడితే మామూలు సినిమా మాంత్రికుడైపోతాడు. వెస్ట్ సూది పొడుచుకోవడం కూడా అంతే: వాడి పిచ్చికి మందు కారణమని తేలితే, పుట్టుకతోనే ఇలా ఉన్నాడన్న జోకు పోతుంది. అసలు కంటే కొసరు ఎక్కువైన బేరం అది.

ఏ వెర్షన్ అయినా ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. చివర్లో హిల్ తెగిన తల మెగన్‌ని వేధించే సీన్ 86లోనూ ఉంది, 105లోనూ ఉంది. మెగన్‌గా బార్బరా క్రాంప్టన్ ధైర్యంగా చేసింది, కానీ ఈరోజు చూస్తే నవ్వు ఆగిపోయే చోటు అదే. ఇంట్లో అందరితో కూర్చుని పెట్టే బొమ్మ కాదిది.

ఇక కొనడం సంగతి. ఆరో వీడియో అనే డిస్కుల కంపెనీ 2017లో అమెరికాలో తెచ్చిన బ్లూ-రే సెట్‌లో 86, 105 రెండూ ఉన్నాయి, కాబట్టి అది దొరికితే ఈ గొడవే లేదు. యాంకర్ బే అనే మరో కంపెనీ 2007లో తెచ్చిన డీవీడీతో సిరంజి ఆకారంలో ఒక పచ్చ హైలైటర్ పెన్ను ఇచ్చారు. పెన్ను కోసం ఆ డీవీడీ కొనేవాళ్ళని నేను తప్పు పట్టను, బొమ్మ నాణ్యత మాత్రం బ్లూ-రేతో పోల్చొద్దు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి తెప్పించుకునేవాళ్ళు రీజియన్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) చూసుకోండి. మన బ్లూ-రే ప్లేయర్లు రీజియన్ 'సి', అమెరికా డిస్కులు 'ఏ', బ్రిటన్‌వి 'బి'. లాక్ ఉన్న డిస్కు మామూలు ప్లేయర్‌లో పెడితే తెర మీద ఒక హెచ్చరిక తప్ప ఏమీ రాదు. 4కే యూహెచ్‌డీ డిస్కులకు ఈ రీజియన్ గోల లేదు, కాకపోతే దానికి తగ్గ ప్లేయర్ ఉండాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చుట్టం సెలవులకు వస్తుంటే డిస్కు తెమ్మనే ముందు మీ ప్లేయర్ మోడల్ ఒకసారి చూసుకోండి. స్ట్రీమింగ్‌లో దొరికితే ప్లే నొక్కే ముందు నిడివి చూడండి. 86 దగ్గర ఉంటే కూర్చోండి, 95 దగ్గర ఉంటే అది షాపుల కోసం కత్తిరించినది అయ్యుంటుంది, వదిలేయండి.