కూలింగ్ వెస్ట్ రివ్యూ: ఎంఎస్‌తో ఇంటి నుంచి పని చేసినన్నాళ్ళూ వాడాను

ఒంటిని చల్లగా ఉంచే ఈ వెస్ట్ (చేతుల్లేని జాకెట్ లాంటిది) గురించి ఎప్పట్నుంచో రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే కొనేముందు ఎంత వెతికినా బైక్ నడిపేవాళ్ళు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు రాసినవే దొరికాయి తప్ప నాలాంటివాళ్ళు రాసింది కనపడలేదు. నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. అలాంటప్పుడు ఇదెందుకు అంటారా, చెబుతాను.

ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరని దెబ్బతీస్తుంది. పొర పాడైన నరం ఎలాగోలా పని చేస్తూనే ఉంటుంది కానీ ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, మొరాయించవచ్చు. చూపు మసకబారుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి, చదివిన వాక్యమే నాలుగుసార్లు చదవాల్సొస్తుంది. 1890లో దీన్ని గమనించిన జర్మన్ కంటి డాక్టరు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ పేరే దీనికి పెట్టారు. ఎంఆర్ఐ లేని రోజుల్లో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూసేవాళ్ళట, తలుచుకుంటేనే భయమేస్తుంది.

ఆఫీసు ఏసీలో ఉన్నన్నాళ్ళు నాకిది పెద్దగా తెలియలేదు. 2020 మార్చిలో కోవిడ్‌ని మహమ్మారిగా ప్రకటించాక అందరం ఇళ్ళకి చేరాం, నేను వాడే మందు రోగనిరోధక శక్తిని తగ్గించేది కాబట్టి మిగతావాళ్ళు ఆఫీసుకి తిరిగి వెళ్ళాక కూడా నేను ఇంట్లోనే ఉండిపోయాను. మూసిన గది, ల్యాప్‌టాప్ సెగ, వరస మీటింగులు. మధ్యాహ్నం మూడయ్యేసరికి స్క్రీన్ మీద అంకెలు అలుక్కుపోయేవి. మేనేజర్‌కి చెబితే "వీడియోలో బాగానే కనిపిస్తున్నారుగా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంది.

మొదట కొన్నది నీళ్ళల్లో తడిపి వేసుకునే రకం. తేలిగ్గా ఉంటుంది, కానీ తడి ఆరితేనే చల్లదనం, గాల్లో తేమ ఎక్కువున్న రోజు ఆరదు కాబట్టి ఒంటికి తడిబట్ట చుట్టుకున్నట్టే. తర్వాత ఈ ప్యాక్‌ల రకం తీసుకున్నాను. లోపలున్న పదార్థం సుమారు 15 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగేటప్పుడు ఒంట్లోని వేడిని లాక్కుంటుంది. మంచు గడ్డలా కొరకదు. ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే నా నడుం ఎడమవైపు స్పర్శ సరిగ్గా తెలియదు, అలాంటిచోట ఐస్ ప్యాక్ పెడితే చర్మం దెబ్బతిన్నా మనకి తెలియదు.

ఒక సెట్టు నాకు రెండు గంటలు వస్తుంది. వేడెక్కాక వేసుకోవడం కంటే మీటింగుకి పావుగంట ముందే వేసుకుంటే ఫలితం బాగుంటుందని నెల రోజులు వాడాక అర్థమైంది. అంకెలు మళ్ళీ అంకెల్లా కనిపించిన మొదటి మధ్యాహ్నం ఏడుపొచ్చేసింది, నిజంగా. నా పని నేను పూర్తి చేసి, ఎవరికీ సారీ మెసేజ్ పెట్టకుండా ల్యాప్‌టాప్ మూశాను.

లోపాలున్నాయి. బరువు, భుజాలు లాగేస్తాయి. పక్కన వెల్క్రో పట్టీలు గట్టివి, చేతివేళ్ళు తిమ్మిరెక్కిన రోజు ఇంకొకరి సాయం కావాలి. ఎంఎస్ ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని అమ్మే వస్తువుకి ఇలాంటి పట్టీలా? జిప్పుకి పెద్ద రింగు పెడితే సరిపోయేది. ఇక ఎంఎస్ తెచ్చే నీరసం మొత్తం దీంతో పోతుందని అనుకోవద్దు, వేడి వల్ల పెరిగే భాగమే తగ్గుతుంది.

వ్యాక్సిన్ తర్వాత జ్వరమొచ్చి కాళ్ళు లేవనప్పుడు, మళ్ళీ రిలాప్స్ (ఎంఎస్ కొత్తగా తిరగబెట్టడం) వచ్చిందని టెన్షన్ పడిపోయాను. డాక్టరుగారు ఫోన్లోనే, జ్వరంతో వచ్చి జ్వరంతో పోయేది రిలాప్స్ కాదని, జ్వరం తగ్గాక కూడా 24 గంటలు దాటి ఉంటే అప్పుడు చూద్దామని చెప్పారు. మర్నాటికి తగ్గింది. ఆ రోజు మాత్రం వెస్ట్ జోలికి పోలేదు, చలితో వణుకుతున్నాను.

కొందరికి చల్లదనం వల్లే కండరాలు బిగుసుకుంటాయి, మీకు అలా ఉంటే కొనకముందు తడి తువ్వాలు మెడ మీద వేసుకుని ఓ అరగంట చూడండి. కొంటే రెండు సెట్ల ప్యాక్‌లు తీసుకోండి, ఒకటి ఒంటి మీదుంటే ఒకటి ఫ్రిజ్‌లో ఉంటుంది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఆ ఒక్కటీ పట్టీలకే.