హత్య కేసు దర్యాప్తు నేర్పే ఆన్‌లైన్ కోర్సు: మొదటి సగం అద్భుతం, ఇంటరాగేషన్ దగ్గర నిరాశ

క్రైమ్ సిరీస్‌లు ఇష్టంగా చూసేవాళ్లు ఈ కోర్సు ఒక్కసారైనా చేయాలి. కోర్సంతా ఒకే కల్పిత కేసు మీద నడుస్తుంది. ఇంట్లో మెట్ల కింద ఒకాయన శవం బోర్లా పడి ఉంటుంది, తల వెనక దెబ్బ, జారి పడ్డాడో ఎవరైనా కొట్టారో తెలీదు. హంతకుడెవరు అని కాకుండా అసలు ఇది హత్యేనా అని మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది.

ఘటనాస్థలం పాఠమే మొత్తంలో బెస్ట్. ముందుగా వెళ్లిన పోలీసు ప్రాణం ఉందేమో చూడాలి, తర్వాత ఆ చోటుని మూసేసి, లోపలికి ఎవరొచ్చారో ఎవరెళ్లారో టైముతో సహా రాసుకోవాలి. గది మొత్తం ఒక ఫొటో, కొంచెం దగ్గర్నుంచి ఇంకోటి, ఆ తర్వాత స్కేలు పెట్టి క్లోజప్, ఇవన్నీ అయ్యేదాకా ఏ వస్తువూ కదపకూడదు. నెత్తురంటిన బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకి బూజు పట్టి డీఎన్ఏ పాడైపోతుందట, అందుకే ఆరబెట్టి కాగితం సంచిలో పెడతారు. చేతులు మారిన ప్రతిసారీ సంతకం ఉండాలి, ఒక్కచోట లేకపోయినా కోర్టులో ఆ ఆధారాన్ని డిఫెన్స్ లాయరు ఎలా దెబ్బకొడతాడో చాలా ఓపిగ్గా చూపించారు.

పోస్టుమార్టం రిపోర్టు చదివించే తీరు కూడా బాగుంది. గుండె ఆగాక నెత్తురు శరీరంలో కిందివైపుకి దిగి చర్మం మీద మరకలు కడుతుంది, సాధారణంగా 8 నుంచి 12 గంటల్లో ఆ మరకలు స్థిరపడిపోతాయి. ఇక్కడ శవం బోర్లా ఉంది, మరకలేమో వీపు మీద ఉన్నాయి, అంటే చనిపోయిన చాలాసేపటికి ఎవరో వచ్చి తిప్పారన్నమాట! జారిపడ్డాడన్న మాట అక్కడే బలహీనపడుతుంది. చనిపోయిన సమయాన్ని గడియారం చూసి చెప్పినట్టు చెప్పలేమని, ఒంటి మీది బట్టలు, గది వేడి, మనిషి ఒళ్లు అన్నీ లెక్కలోకి వస్తాయని కూడా నిజాయితీగా చెప్పారు.

అనుమానితుల దగ్గరికొచ్చేసరికి అందరి చూపూ ఆస్తి గొడవలున్న తమ్ముడి మీదే పడుతుంది. కానీ ప్రతి అనుమానం పక్కన, అది తప్పని తేలాలంటే ఏ ఆధారం దొరకాలో రాయందే కోర్సు ముందుకి కదలనివ్వదు. ఉదాహరణగా 1892లో అర్జెంటీనాలో జరిగిన కేసు చెప్పారు. ఇద్దరు పిల్లల్ని ఫలానావాడే చంపాడని తల్లి చెప్పింది, అతన్ని చిత్రహింసలు పెట్టినా ఒప్పుకోలేదు, చివరికి తలుపు మీది నెత్తుటి వేలిముద్ర ఆ తల్లిదేనని తేలింది.

ఇంత జాగ్రత్తగా నేర్పినవాళ్లు ఇంటరాగేషన్‌ని ఒక్క చిన్న వీడియోతో ముగించేశారు. నిందితుడు ఒప్పుకుంటాడు, కేసు అయిపోతుంది. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో 1983లో, 1986లో ఇద్దరమ్మాయిల హత్యలు జరిగితే, రెండోది నేనే చేశానని 17 ఏళ్ల కుర్రాడు ఒప్పుకున్నాడు. అతను కాదని తేల్చింది డీఎన్ఏ పరీక్ష, అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది. ఒప్పుకోలు వచ్చాక దాన్ని మిగతా ఆధారాలతో సరిచూడటమనే పెద్ద పని గురించి ఒక్క ముక్క లేకపోతే ఎలా?

ల్యాబ్ రిపోర్టులు క్లిక్ చేయగానే వచ్చేస్తాయి, ఇది కూడా కొంచెం తప్పుదారి పట్టించేదే. ఛార్జిషీటు గురించి నాలుగు ముక్కల్లో తేల్చేశారు.

5కి 3.5 ఇస్తున్నా. నేరకథలు రాసేవాళ్లకి, లా చదివేవాళ్లకి మొదటి సగం కోసమైనా చేయమనే చెబుతా. తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్ తెస్తే ఇంటరాగేషన్‌ని మాత్రం మళ్లీ మొదట్నుంచి రాయండి, ఘటనాస్థలం పాఠానికి పెట్టిన ఓపికలో సగం పెట్టినా చాలు.