లైబ్రరీ సిబ్బందికి '23 థింగ్స్': చాలాకాలం వాడాక నా సమీక్ష

విశాఖలో ఒక లైబ్రరీలో కేటలాగు పని చూస్తాను. మా సిబ్బంది ఇంటర్నెట్ పనులు నేర్చుకోవడానికి '23 థింగ్స్' పద్ధతి పట్టుకున్నాం. మాకు తగ్గట్టు మార్చుకుంటూ ఇప్పటికీ వాడుతున్నాం. మిగతా లైబ్రరీల వాళ్లకు అక్కరకొస్తుందని రాస్తున్నాను.

ఇది కొత్తదేం కాదు. 2006 ఆగస్టులో అమెరికాలోని షార్లట్ మెక్లెన్‌బర్గ్ పబ్లిక్ లైబ్రరీలో హెలీన్ బ్లోవర్స్ దీన్ని మొదలుపెట్టారు. బ్లాగు తెరవడం, ఫ్లికర్‌లో ఫొటోలు చూడడం, అందరూ కలిసి రాసి దిద్దుకునే వెబ్ పేజీ అయిన వికీలో రాయడం, ఇలా 23 చిన్న చిన్న పనులు. క్లాసులుండవు, పరీక్షలుండవు. ఎవరికి వాళ్లు చేసి చూసి, తెలిసింది బ్లాగులో రాయాలి. పూర్తి చేసిన సిబ్బందికి ఎంపీ3 ప్లేయర్ బహుమతిగా ఇచ్చారు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ వదిలేయడంతో ఎన్నో దేశాల లైబ్రరీలు తీసుకుని తమకు నచ్చినట్టు మార్చుకున్నాయి.

ముందు లోపం సంగతి చెప్తాను. అసలు జాబితా ఇప్పుడు ఉన్నదున్నట్టు పనికిరాదు. వెబ్‌సైట్లలో కొత్తగా వచ్చేవి ఒకేచోట చదువుకోవడానికి అప్పట్లో చాలామంది వాడిన గూగుల్ రీడర్ 2013 జూలైలో మూతపడింది. లింకులు దాచుకునే డెలీషియస్ 2017లో చేతులు మారి, కొత్తవి చేర్చుకోవడం ఆపేసింది. అందుకే పద్ధతి ఉంచుకుని పనులు మార్చేశాం. ఎవరి రోజువారీ పనిలో ఉన్న ఇబ్బంది ఏదో, వాళ్ల పాఠం అదే.

మాకు అన్నిటికంటే పెద్ద ఇబ్బంది తెలుగు టైపింగ్. పాత పుస్తకాల జాబితాలు డీటీపీ వాళ్లతో చేయించినవి, అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. గూగుల్ షీట్స్ అనే పట్టికలో పేస్ట్ చేస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోయేవి, ఒక్క పేరు కూడా వెతికితే దొరికేది కాదు. ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనబడి వెతికితే దొరికే యూనికోడ్ అంటే ఏంటో ఉపన్యాసం చెప్తే ఎవరికీ ఎక్కలేదు. అదే తన సెక్షన్ జాబితాలో పది పేర్లు ఫోన్‌లో జీబోర్డు అనే గూగుల్ కీబోర్డుతో కొట్టి, వెతుకులాటలో దొరకడం కళ్లారా చూశాక మా సీనియర్ మేడమ్ "ఇన్నాళ్లూ ఇది చెప్పలేదేం అమ్మా" అన్నారు. మర్నాడు మిగతా పేర్లు ఆవిడే అడిగి మరీ తీసుకున్నారు.

మా అటెండర్ గారికి ఇంగ్లీషు రాదు, కీబోర్డు అంటే టెన్షన్. ఆయనకి మాట్లాడి టైప్ చేయడం నేర్పాం. బీరువా ముందు నిలబడి పుస్తకం పేరు, రచయిత, అర నంబరు చెప్తూ పోతారు, ఫోన్ రాసుకుంటుంది. ఇంటిపేర్ల దగ్గర తరచూ తడబడుతుంది, ఒత్తులు ఎగ్గొడుతుంది. సాయంత్రం ఇద్దరం కూర్చుని సరిచేస్తాం. అయినా చేత్తో రాసి మళ్లీ కంప్యూటర్‌లో ఎక్కించడం కంటే చాలా నయం. స్టాక్ వెరిఫికేషన్‌లో ఆయన లేకపోతే ఇప్పుడు పని నడవదు. ఈ పద్ధతికి నేను మార్కులు వేసేది ఇక్కడే.

పాత ముఖపత్రాల ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అందులోని తెలుగు అక్షరాలు బయటికొస్తాయి. శుభ్రమైన అచ్చు అయితే బాగానే చదువుతుంది. కాగితం పసుపు పట్టి సిరా వెలిసిపోతే 'ధ' కి 'థ', 'ష' కి 'ప' పడుతుంటాయి. కాబట్టి పక్కన పుస్తకం పెట్టుకుని సరిచూడాల్సిందే.

గూగుల్ షీట్స్ మాకు నిజమైన ఆస్తి. రావిశాస్త్రి మన విశాఖ రచయిత. ఆయన పుస్తకాలు మా జాబితాలో ఒకచోట రావిశాస్త్రి అని, ఇంకోచోట రాచకొండ విశ్వనాథశాస్త్రి అని, మరోచోట ఆర్. వి. శాస్త్రి అని ఉండేవి. పాఠకుడు ఒక పేరుతో అడిగితే మిగతావి లేవనే చెప్పేవాళ్లం. ఇప్పుడు రచయిత గడిలో డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే తెరుచుకునే పేర్ల జాబితా పెట్టాం, అందులోంచి ఒకే రూపం ఎంచుకోవాలి. సిబ్బంది దీన్ని ఒక్క పూటలో పట్టేశారు.

పుస్తకాల జాబితా పెట్టుకునే లైబ్రరీథింగ్ వెబ్‌సైట్ కూడా చూశాం. 2020 నుంచి ఉచితం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మా పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ వాటికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు ఉండదు, అన్నీ చేత్తోనే ఎక్కించాలి. వదిలేశాం. ఆన్‌లైన్‌లో నింపే ఫారాలు తయారుచేసుకునే గూగుల్ ఫారమ్స్ మాత్రం బాగా కుదిరింది. ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు గ్రూప్స్ పుస్తకాలు కావాలని అడిగేవి ఇదివరకు చీటీల మీద రాసేవాళ్లం, సగం చీటీలు ఎటు పోయేవో. ఇప్పుడు కౌంటర్ దగ్గర ఆ ఫారం తెరిచే క్యూఆర్ కోడ్ అంటించాం. ఏ పుస్తకాన్ని ఎక్కువమంది అడుగుతున్నారో కొనుగోలు మీటింగ్‌లో కాగితం మీద చూపించగలుగుతున్నాం.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇవన్నీ ఒక ఉద్యోగి సొంత జీమెయిల్‌లో పెట్టకండి. మాకు తెలిసిన ఒక లైబ్రరీలో ఆ ఉద్యోగి బదిలీ అయ్యాక పాస్‌వర్డ్ లేక జాబితా మొత్తం చేజారింది. లైబ్రరీ పేరుతో ఖాతా తెరిచి, రికవరీకి ఆఫీసు నంబరు ఇవ్వండి. ఉచిత ఖాతాకి మెయిల్, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీయే, కాబట్టి స్కాన్లు వేరేచోట దాచండి. రెండేళ్లు ముట్టుకోని ఖాతాని గూగుల్ తీసేయొచ్చు కూడా.

మొదలుపెట్టేవాళ్లు 23 పెట్టుకోవద్దు. తెలుగు టైపింగ్, షీట్, ఫారం, ఫొటోలోంచి అక్షరాలు తీయడం, ఈ నాలుగూ చాలు. పని గంటల్లోనే టైం ఇవ్వాలి. ఇంటికెళ్లి నేర్చుకోమంటే, వంటా పిల్లలూ చూసుకునే మా ఆడవాళ్లకి అది కుదిరే పని కాదు. మా దగ్గర మధ్యాహ్నం రెండు దాటాక కౌంటర్ కాస్త ఖాళీ అవుతుంది. వారంలో ఒకరోజు ఆ గంట దీనికే ఇమ్మని ఆఫీసర్ గారిని అడిగాం, ఒప్పుకున్నారు.